నొప్పులు లేవు కదా అనుకున్నాం

మా ఇంట్లో కాన్పుల సంగతి నాకు బాగా తెలుసని అందరూ అనుకునేవాళ్లు. అందరికంటే ముందు నేనే అనుకున్నాను. ఇద్దరు పిల్లల తల్లిని, ఇద్దరూ ఆపరేషన్ లేకుండా పుట్టారు. పిన్ని కూతుళ్లు, ఆడపడుచు, మా గల్లీలో కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్లు, ఎవరికి నెల తప్పినా ఏదో ఒకటి అడగడానికి నా దగ్గరికే వచ్చేవాళ్లు. నేనూ తడుముకోకుండా చెప్పేదాన్ని. నాకు తెలిసిందల్లా నా రెండు కాన్పులేనని మా చెల్లెలి తొలికాన్పు దాకా తోచలేదు.

నాకు రెండుసార్లూ ఒకే వరసలో జరిగింది. ముందు నడుములో సన్నగా నొప్పి. అది తిరిగి పొత్తికడుపులోకి రావడం, పోవడం, మళ్లీ రావడం. మధ్యలో వ్యవధి తగ్గాక ఆసుపత్రికి ప్రయాణం. ఉమ్మనీటి సంచిని కాన్పు బల్ల మీదే డాక్టరమ్మ పొడిచి నీళ్లు పోగొట్టింది. ముందు నొప్పులు, తర్వాత నీళ్లు అని నా బుర్రలో అలా స్థిరపడిపోయింది. మన సినిమాలూ అదే చూపిస్తాయి. గర్భిణి పొట్ట పట్టుకుని కేక పెడుతుంది, ఇంట్లోవాళ్లు బండి కోసం పరుగెత్తుతారు. నొప్పి లేకుండా, కేక లేకుండా, కూర్చున్నచోట చీర తడిసిపోయి ఇదేమిటో తెలియక బిత్తరపోయిన ఆడమనిషిని తెర మీద చూసిన గుర్తు నాకు లేదు. మీకూ ఉండకపోవచ్చు.

అది 2004 ఆషాఢం. సికింద్రాబాద్ లాలాగూడలో, రైల్వే వర్క్‌షాప్‌కు దగ్గర్లో మా పుట్టిల్లు. నాన్న ఆ వర్క్‌షాప్‌లోనే పనిచేసి రిటైరయ్యారు. చెల్లెలికి శ్రీమంతం చేసి పుట్టింటికి తీసుకొచ్చాం. మరిదికి కాజీపేటలో ఉద్యోగం, సెలవు దొరికినప్పుడు వచ్చి చూసి వెళ్లేవాడు. చెల్లెలికి తొమ్మిదో నెల పడింది. డాక్టరమ్మ ఇచ్చిన తేదీకి ఇంకా చాలా రోజులున్నాయి. లష్కర్ బోనాల కోసం నేను కూడా పిల్లల్ని తీసుకుని వచ్చాను.

బోనాల ఆదివారం తెల్లారుజామున చెల్లెలు నన్ను లేపింది. "అక్కా, పక్క తడిసింది" అంది. లేచి చూశాను. దుప్పటి మీద అరచేతులు రెండు పెట్టినంత మేర తడి. "నొప్పులేమన్న వస్తున్నయా?" అని అడిగాను. లేవంది. నాకు నవ్వొచ్చింది. "బిడ్డ తల కిందికి దిగితే గిట్లనే అయితదే. ఒంటేలు ఆగదు. నాక్కూడ అయింది, తుమ్మినా దగ్గినా పడేది" అన్నాను. అబద్ధం కాదు, నాకు నిజంగానే అలా అయింది. నెలలు నిండినవాళ్లకు మూత్రం చుక్కలుగా పడటం మామూలే. అందువల్లే ఆ మాట అంత ధీమాగా వచ్చింది.

దుప్పటి తీసి సర్ఫ్ నీళ్లలో నానేశాను. నేల మీద పడిన తడిని ఫినాయిలుతో తుడిచాను. పండగ పూట ఇల్లు వాసన రాకూడదని అందులో ఇంకాస్త ఫినాయిలు పోశాను. చెల్లెల్ని తలంటుకుని మంచి చీర కట్టుకోమన్నాను.

ఆ తర్వాత పండగ పనిలో పడ్డాం. కొత్త కుండకు సున్నం, పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టడం, బెల్లమన్నం వండి అందులోకి ఎత్తడం, వేపమండలు కట్టడం, పైన దీపం. మధ్యలో చెల్లెలు రెండు మూడుసార్లు చీర మార్చుకుంది. ఒకసారి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. "అక్కా, ఇది ఒంటేలు లెక్క లేదే. ఆపుదామంటే ఆగుతలేదు" అంది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను, పాలు పొంగుతున్నాయి. "తొలిసూరు కదా, అన్నీ కొత్తగనే ఉంటయి, పోయి పండుకో" అన్నాను.

అమ్మ విన్నది. అమ్మ ఊళ్లో, ఇంట్లోనే కాన్పులు జరగడం చూసిన మనిషి. "ఉమ్మనీరేమోనే, ఒకసారి చూపియ్యరాదు?" అంది. ఆ మాట నేను పడనివ్వలేదు. నొప్పులు లేనిదే ఉమ్మనీరు ఎలా పోతుందని అమ్మకే ఎదురు చెప్పాను. నా మనసులో ఇంకో సంగతి కూడా ఉంది. నొప్పులు రాకముందే ఆసుపత్రికి పోతే పడుకోబెట్టి, ఇంకా రాలేదు ఇంకా రాలేదంటూ చివరికి కోసేస్తారని నా భయం. నేను ఇద్దర్ని మామూలుగా కన్నానన్న గొప్ప చెల్లెలికీ దక్కాలనుకున్నాను. ఆ భయం మన ఇళ్లల్లో ఇప్పటికీ ఉంది, ఉత్త భయమూ కాదు. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లేనని తేలింది. ఆ సర్వేలో దేశంలో మరే రాష్ట్రంలోనూ అంత లేదు. అయితే ఆపరేషన్‌కు భయపడి ఇంట్లో గంటలు గడిపితే ఆ భయం తీరదు, పెరుగుతుంది. అది తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం జీలకర్ర కాచి తాగించాను. నొప్పులు దొంగవో నిజంవో తేలిపోతుందని పెద్దవాళ్లు చేసే పని. నొప్పులేమీ రాలేదు. నా మాటే నిజమని నాకు ఇంకా గట్టిపడింది. సాయంత్రం బోనం దించి వచ్చేసరికి చెల్లెలు దుప్పటి కప్పుకుని ముడుచుకు పడుకుని ఉంది. ఆషాఢం ఉక్కలో చలి అంటోంది. నుదురు పట్టుకుంటే కాలుతోంది.

మేము చూపించుకునే నర్సింగ్ హోమ్ ప్యారడైజ్ అవతల. లష్కర్ బోనాల నాడు మహంకాళి గుడి చుట్టుపక్కల రోడ్లు ఎట్లా ఉంటాయో సికింద్రాబాద్ వాళ్లకు చెప్పక్కర్లేదు. జనరల్ బజార్, రాంగోపాల్‌పేట వైపు బండి కదలదు. ఆటో అతను మంచివాడు, సంగీత్ దగ్గర్నుంచి మారేడ్‌పల్లిలోకి తిప్పి, జూబ్లీ బస్‌స్టేషన్ మీదుగా చుట్టుకుని తీసుకెళ్లాడు. దారి పొడుగునా ఫలహార బండ్లు, డప్పులు. చెల్లెలు నా భుజం మీద తల పెట్టుకుని పళ్లు కొరుక్కుంటోంది. పొద్దునే బయల్దేరి ఉంటే ఈ రోడ్లన్నీ ఖాళీగా ఉండేవని నాకు ఆటోలో తట్టింది. కానీ తప్పు జరిగిందన్నది అప్పటికీ పూర్తిగా ఎక్కలేదు. జ్వరం వచ్చింది, చూపించడానికి పోతున్నాం, అంతే అనుకుంటున్నాను.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ నాకంటే చిన్నది. చెల్లెల్ని బల్ల మీద పడుకోబెట్టి, చెయ్యి వేయకముందే ప్రశ్నలు మొదలుపెట్టింది.

"నీళ్లు ఎన్ని గంటలకు పోవడం మొదలైంది?"

చెల్లెలు నా వైపు చూసింది. "పొద్దున, అయిదూ ఆ ప్రాంతంలో" అన్నాను.

"కాదక్కా" అంది చెల్లెలు. "రాత్రి అన్నం తిన్నప్పటి సంది చుక్క చుక్క పోతనే ఉంది. మొన్న నువ్వే చెప్పినవు కదా, అట్ల అయితదని. అందుకే లేపలేదు."

డాక్టరమ్మ రాసుకుంది. "ఏ రంగులో ఉన్నాయి? తెల్లగానా, పసుపుపచ్చగానా, ఆకుపచ్చ రంగేమైనా కనిపించిందా? రక్తం చారలు?"

నేను చూడలేదు. చూడటానికి ఏమీ మిగల్చలేదు కూడా. దుప్పటి సర్ఫులో నానింది, చీరలు ఉతికి దండెం మీద ఆరేశాను.

"వాసన ఎలా ఉంది?"

ఫినాయిలు వాసన. అది పైకి అనలేదు. నాకు తెలియదన్నాను.

"పొద్దున్నుంచి బిడ్డ కదిలిందా?"

చెల్లెలు ఆలోచించింది. తెల్లారి కదిలినట్టుంది, మధ్యాహ్నం గుర్తులేదు అంది. నేను పక్కనే ఉన్నాను రోజంతా. ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ డాక్టరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. కాగితం మీద గడులున్నాయి: సమయం, రంగు, వాసన, కదలికలు. కొన్నిటిలో ఆమె "తెలియదు" అని రాసింది. ఆ గడుల ముందు నాకు మొత్తం తెలిసింది. ఇంత పెద్ద సంగతి జరుగుతుంటే, దాని ఆనవాళ్లు పొద్దున్నుంచీ ఒక్కొక్కటిగా నా చేతులతో నేనే కడిగేశాను. చెప్పగలిగిన మనిషి, అది జరుగుతున్న ఒంటి మనిషి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఇది ఒంటేలు కాదని చెప్పింది. నేను పాలు పొంగుతున్నాయని చూశాను. తప్పు చేస్తే ఎప్పుడో ఒక ఘడియలో చేస్తామనుకుంటాం కదా. అలా ఉండదు. తెల్లారుజాము నుంచి దీపాలు పెట్టేదాకా గంట గంటకీ ఒకే తప్పు చేస్తూ వచ్చాను, ప్రతిసారీ నాకు సరైన కారణమే కనిపించింది.

డాక్టరమ్మ చెయ్యి పెట్టి చూడలేదు. శుభ్రం చేసిన పరికరంతో లోపల తెరిచి, చెల్లెల్ని దగ్గమంది. దగ్గగానే నీరు జారింది. నీలం రంగుకు తిరిగే కాగితం ఉంటుంది, దాన్ని తాకించింది. తిరిగింది. యోనిలో మామూలుగా ఉండే తడికి ఆమ్ల గుణం, ఉమ్మనీటికి క్షార గుణం, అందుకే రంగు మారుతుందట. వేళ్లతో ఎందుకు చూడలేదని తర్వాత అడిగితే, సంచి పగిలాక ఊరికే చేతులు పెట్టి చూసినకొద్దీ క్రిములు పైకెక్కే అవకాశం పెరుగుతుందని చెప్పింది. ఊళ్లల్లో మంత్రసానులు, ఆ మాటకొస్తే కొన్ని ఆసుపత్రుల్లో గంటకొకరు, చేయి పెట్టి చూడటం మామూలుగా జరిగే పని. నీళ్లు పోయినవాళ్ల విషయంలో అది ప్రమాదం.

ఉమ్మనీటి సంచి అంటే బిడ్డకూ బయటి లోకానికీ మధ్య ఉన్న తలుపు. అది మూసి ఉన్నంతకాలం బిడ్డ తన నీళ్లలో భద్రంగా ఉంటుంది. పగిలిందా, నొప్పులున్నా లేకపోయినా గడియారం మొదలైనట్టే. నెలలు నిండాక సుమారు పదిమందిలో ఒకరికి నొప్పులకంటే ముందే నీళ్లు పోతాయి. వాళ్లలో పదిమందిలో ఆరుగురికి 24 గంటల్లో నొప్పులు వాటంతట అవే వస్తాయి. అంతవరకూ కంగారు పడాల్సింది లేదు. కానీ పుట్టిన బిడ్డకు తీవ్రమైన ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం, సంచి పగలకుండా ఉన్నవాళ్లలో వెయ్యిమందికి అయిదుగురికైతే, ఇలా ముందే పగిలినవాళ్లలో వెయ్యికి పదిమందికి. చిన్న అంకెలే. ఆ పదిమందిలో మన బిడ్డ ఉంటే అంకె చిన్నదైనా ఒరిగేదేమీ లేదు. జ్వరం వచ్చిందంటే తల్లి గర్భంలోకే ఇన్ఫెక్షన్ చేరి ఉండవచ్చు. చెల్లెలికి అదే జరిగింది.

నేను భయపడ్డ ఆపరేషన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1996లో కెనడా డాక్టరు మేరీ హన్నా బృందం ఆరు దేశాల్లో, 72 ఆసుపత్రుల్లో, నెలలు నిండి నీళ్లు పోయిన 5,041 మంది ఆడవాళ్ల మీద చేసిన పరీక్ష ఫలితాలు వెలువరించింది. కొందరికి వెంటనే మందు పెట్టి నొప్పులు రప్పించారు, కొందర్ని కనిపెట్టుకుని కూర్చున్నారు. ఆపరేషన్ల లెక్క రెండువైపులా దాదాపు ఒకటే. బిడ్డలకు ఇన్ఫెక్షన్లూ దాదాపు ఒకటే. తేడా తల్లుల్లో కనిపించింది: సెలైన్‌లో మందు పెట్టి నొప్పులు రప్పించినవాళ్లలో ఇన్ఫెక్షన్ తక్కువ. నొప్పులు రప్పిస్తే కోతకే దారి తీస్తుందని నేను నమ్మినదానికి ఆధారం లేదన్నమాట. ఎనిమిదేళ్ల ముందే తేలిన సంగతి లాలాగూడలో మా వంటింటి దాకా రాలేదు.

చెల్లెలికి ఆ రాత్రే యాంటీబయోటిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, నొప్పుల సెలైన్ ఎక్కించారు. మరిది రాత్రి రైలుకు వచ్చాడు. మర్నాడు, గుడిలో భవిష్యవాణి చెప్పే రంగం నాడు, పొద్దెక్కాక పాప పుట్టింది. ఏడ్చింది గానీ ఊపిరి ఎగబీలుస్తోందని తీసుకెళ్లి బాక్సులో పెట్టారు. కొన్నాళ్లు అద్దంలోంచి చూడటమే. చెల్లెలు పాలు పిండి గ్లాసులో ఇస్తే నర్సమ్మ గొట్టంతో పట్టేది. పాప బతికింది, బాగుంది, ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఆ అద్దం ముందు నిలబడ్డ రోజుల గురించి ఇంతకంటే రాయను. అమ్మ ఆ వరండాలో బెంచీ మీద కూర్చుని నాతో మాట్లాడకపోవడం ఒక్కటీ చాలు.

తర్వాత నేను అడిగి, చదివి, నర్సుల వెంటపడి తెలుసుకున్నవి చెబుతాను. నెలలు నిండేసరికి సంచిలో ఉండే నీరు దాదాపు ముప్పావు లీటరు. సంచి కింద పగిలితే భళ్లున పోతుంది, ఎవరికీ అనుమానం ఉండదు. పైన ఎక్కడో చిన్న చిల్లు పడితే బొట్టు బొట్టుగా గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి కారుతుంది. మోసపోయేది ఇక్కడే. మూత్రమా, ఉమ్మనీరా అని తేల్చుకోవాలంటే ముందు మూత్రానికి వెళ్లొచ్చి, పొడి ప్యాడ్ పెట్టుకుని కాసేపు పడుకుని లేవాలి. మూత్రం బిగబడితే ఆగుతుంది, ఉమ్మనీరు ఆగదు. లేవగానే, దగ్గగానే మళ్లీ పడుతుంది. మూత్రానికి తెలిసిన వాసన ఉంటుంది. ఉమ్మనీరు నీళ్లలాగో, లేత పసుపుగానో ఉంటుంది, మూత్రం వాసన రాదు. ఇంతా చూశాక కూడా అనుమానం మిగిలితే దాన్ని ఉమ్మనీరు కిందే లెక్కవేసి బయల్దేరాలి. ఇంట్లో ఎవరి అనుభవమూ ఆ నీలం కాగితానికి సాటిరాదు.

మా చెల్లెలు చీరలు మార్చుకుంటూ పోయింది, నేను ఉతుకుతూ పోయాను. చేయాల్సింది తెల్లటి శుభ్రమైన ప్యాడ్ పెట్టుకుని, దాన్ని పారేయకుండా కవర్లో వేసి డాక్టరుకు చూపించడం. టైము చూసి ఎక్కడైనా, క్యాలెండర్ మీదైనా సరే, రాయడం. లోపల గుడ్డలు, దూది కుక్కకూడదు. నీళ్లు పోయాక భార్యాభర్తలు కలవకూడదు. నొప్పులు తెప్పిద్దామని ఆముదం పట్టించకూడదు. అది కొందరిళ్లలో ఇప్పటికీ పట్టిస్తున్నారు, విరేచనాలూ వాంతులూ తప్ప మేలు లేదు. ఒంటరిగా బస్సు ఎక్కి పోవద్దు, స్కూటర్ వెనక వద్దు. పడుకుంటే ఎడమ పక్కకు తిరగాలి. చెకప్ ఫైలు, స్కాన్ కాగితాలు, బ్లడ్ గ్రూప్ రాసిన చీటీ ఒక సంచిలో పెట్టి ఏడో నెల నుంచే గుమ్మం దగ్గర ఉంచుకోవాలి.

నీరు ఆకుపచ్చగానో, మట్టిరంగులోనో ఉంటే బిడ్డ లోపలే దొడ్డికి పోయిందని అర్థం. మనవాళ్లు "ఉమ్మనీరు తాగేసింది" అనేది ఈ నీటి గురించే. అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, కాబట్టి నొప్పుల కోసం చూడకూడదు. రక్తం పడినా, దుర్వాసన వచ్చినా, జ్వరం చలి వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా అంతే.

అన్నిటికంటే భయంకరమైనది అరుదుగా జరుగుతుంది, కానీ నిమిషాల మీద పని. బిడ్డ తల ఇంకా కిందికి సర్దుకోకముందు నీళ్లు ఒక్కసారిగా పోతే బొడ్డుతాడు ముందుకు జారి బయటికి రావచ్చు. అడ్డం తిరిగినవాళ్లలో, ఎదురుకాళ్లవాళ్లలో, కవలలున్నప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ. మెత్తగా తాడులా ఏదో తగిలినా, కనిపించినా, దాన్ని ముట్టుకోకూడదు, లోపలికి తోయకూడదు. గర్భిణి మోకాళ్ల మీద వంగి, ఛాతీ నేలకు ఆనించి, నడుము పైకెత్తి ఉండాలి. అలా ఉంటే బిడ్డ తల బరువు తాడు మీద పడదు. బండి వచ్చేదాకా, బండిలోనూ నడుము ఎత్తుగానే ఉంచాలి. సిగ్గుపడే సమయం కాదు. ఇది ఇంట్లో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి, ఎందుకంటే అప్పుడు గర్భిణికి ఆలోచించే స్థితి ఉండకపోవచ్చు.

ఇంకో అపోహ. నీళ్లన్నీ పోయాయి, బిడ్డకు ఊపిరాడదు అని గుండెలు బాదుకోవడం మా కాజీపేట వియ్యపురాలు చేసింది. బిడ్డకు ఊపిరి అందేది మాయ నుంచి, బొడ్డుతాడు ద్వారా. నీరు కూడా పూర్తిగా అయిపోదు. బిడ్డ మూత్రం పోస్తూనే ఉంటుంది, లోపల నీరు ఊరుతూనే ఉంటుంది. కంగారు పెట్టి గర్భిణిని ఏడిపించడం వల్ల ఒరిగేదేమీ లేదు. కంగారు వద్దు, ఆలస్యం వద్దు. మన ఇళ్లల్లో కంగారు పడకూడదంటే ఆలస్యం చేయడమేనని అనుకుంటాం. నేను అలాగే అనుకున్నాను.

37 వారాలు నిండకముందు నీళ్లు పోతే మాత్రం సంగతి వేరు. అప్పుడు పక్క వీధి నర్సింగ్ హోమ్ చాలదు, చిన్నబిడ్డల ఐసీయూ ఉన్నచోటికే పోవాలి. 34 వారాల లోపైతే తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధపడతాయి. దీన్ని కనిపెట్టింది న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో గ్రహామ్ లిగిన్స్. గొర్రెల మీద పరిశోధన చేస్తుంటే, స్టెరాయిడ్ పడిన గొర్రెపిల్లలు నెలలు నిండకుండా పుట్టి కూడా ఊపిరి తీసుకోవడం చూశాడు. రాస్ హౌవీతో కలిసి ఆడవాళ్ల మీద చేసిన పరీక్ష ఫలితాలు 1972లో బయటికొచ్చాయి. మన ప్రభుత్వం 2014లో ఏఎన్ఎంలు కూడా మొదటి డోసు ఇచ్చి పంపవచ్చని మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ మందు పనిచేయడానికి కొన్ని గంటలు కావాలి. నొప్పుల కోసం ఇంట్లో ఎదురుచూస్తే పోయేవి ఆ గంటలే.

ఇక్కడ ఇంకో మూఢనమ్మకం అడ్డొస్తుంది. ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదని మా నాయనమ్మ అనేది. మీ ఇంట్లోనూ విని ఉంటారు. ఇది మన ఒక్కరిదే కాదు, ప్రాచీన గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరుతో ఉన్న గ్రంథాల్లోనూ ఎనిమిదో నెల బిడ్డ గురించి ఇదే మాట ఉంది. రెండువేల ఏళ్లకు పైగా నిలిచిన తప్పు. లోపల గడిపిన ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఎనిమిదో నెల బిడ్డకు ఏడో నెల బిడ్డకంటే ఎప్పుడూ మెరుగైన అవకాశమే. "ఎట్లాగూ బతకదు" అనుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లని ఇళ్లు ఉన్నాయి కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మేము ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డ ఏడాది తర్వాత, 2005 ఆగస్టు 15న, హైదరాబాద్‌లో 108 అంబులెన్సులు మొదలయ్యాయి. దాని కేంద్రం మన సికింద్రాబాద్ పక్కనే, మేడ్చల్ రోడ్డు మీద దేవరయాంజాల్‌లో ఉంది. అక్కడ మొదలైన పని తర్వాత ఎన్నో రాష్ట్రాలకు పాకింది. ఆ బండ్లకు వచ్చే పిలుపుల్లో గర్భిణులవే పెద్ద వాటా. బండిలో కాన్పు చేయడం నేర్చిన టెక్నీషియన్ ఉంటాడు. అయినా ఇప్పటికీ చాలామంది యాక్సిడెంట్ అయితేనే 108 అనుకుంటారు. నీళ్లు పోయాయి, ఇన్నో నెల, రంగు ఇది, మొదలై ఇంతసేపయింది అని చెబితే చాలు, అదే వాళ్లు అడిగేది. గాంధీ ఆసుపత్రి కూడా 2003లో స్టేషన్ దగ్గర్నుంచి ముషీరాబాద్‌లో పాత జైలు ఉన్నచోటికి మారింది, లాలాగూడ నుంచి దూరమేమీ కాదు. ఆ ఆదివారం నాకు అది గుర్తే రాలేదు. చూపించుకునే చోటికే పోవాలని అంత జనంలోంచి చుట్టూ తిరిగాం. జ్వరంతో ఉన్న మనిషిని దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. ఫైలు చేతిలో ఉంటే ఎక్కడైనా చూస్తారు.

ఇప్పుడు కూడా నా దగ్గరికి వచ్చి అడిగేవాళ్లున్నారు. నేను నా కాన్పుల కథ చెప్పడం మానేశాను. ఎదుటి మనిషికి ఏమవుతోందో అడుగుతాను. మొన్నీమధ్య మా అపార్ట్‌మెంట్‌లో ఒక కోడలికి రాత్రి రెండింటికి తడిసింది. అత్తగారు నాకు ఫోన్ చేశారు. టైము రాసుకుని, ప్యాడ్ పెట్టుకుని వెంటనే బయల్దేరమన్నాను. వెళ్లారు. పరీక్ష చేసి మూత్రమేనని తేల్చి తెల్లవారకముందే పంపించేశారు. పొద్దున మెట్ల దగ్గర ఎదురై ఆవిడ, "నిద్ర పాడు, బండి కిరాయి దండగ, అందరి ముందూ సిగ్గు" అని నిష్ఠూరమాడారు. ఆవిడ బాధ నాకు అర్థమైంది. "మళ్లీ తడిస్తే మళ్లీ వెళ్లండి వదినగారూ" అన్నాను. జవాబు చెప్పకుండా వెళ్లిపోయారు. వారం తిరక్కుండా ఆ పిల్లకు మళ్లీ తడిసింది. ఈసారి ఆవిడ నాకు ఫోన్ చేయలేదు, నేరుగా వెళ్లిపోయారు. ఈసారి ఉమ్మనీరే. వెళ్లేసరికి మొదలై ముప్పావుగంట అయిందని, నీళ్లు తెల్లగా ఉన్నాయని, బిడ్డ దారిలో రెండుసార్లు కదిలిందని ఆవిడే చెప్పారట డాక్టరుకు.